వెనక సగం లేని ఇల్లు

మా కాలనీలో మూడో వరసలో ఉన్న నెహెమ్యా గారి ఇల్లు ముందు నుంచి చూస్తే మామూలు ఇల్లే. లేత ఆకుపచ్చ గోడలు, గ్రిల్లు బిగించిన వరండా, గేటు లోపల ఒక స్కూటీ. పక్క సందులోకి వెళ్లి చూస్తే మాత్రం హాలు దాటగానే ఇల్లు ఆగిపోతుంది. అక్కణ్నుంచి ప్రహరీ దాకా ఖాళీ నేల. ఒకప్పుడు అక్కడ వంటిల్లు, పడగ్గది, బాత్‌రూము ఉండేవి. ఆ సగం ఎలా పోయిందో చెప్పాలంటే ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరి సంగతీ మొదటి నుంచి చెప్పాలి. అందులో నాకూ కొంత భాగం ఉంది. అది దాచి చెబితే చెప్పినట్టు కాదు.

నెహెమ్యా గారు ఇరవై రెండేళ్లు చేపల లారీ తోలారు. ఆకివీడులో ఎక్కించిన బొచ్చెలు, శీలావతులు ఐసు మధ్య పేర్చుకుని హౌరా దాకా పోవాలి. దారిలో ఆలస్యమైతే ఐసు కరుగుతుంది, సరుకు మెత్తబడుతుంది, ఆ నష్టం డ్రైవరు బేటాలో తెగుతుంది. అందుకని తిండి, నిద్ర అన్నీ ఆ క్యాబిన్‌లోనే. నెలలో ఆయన ఇంట్లో ఉండేది ఏడెనిమిది రోజులు. ఆయన భార్య రత్నమాణిక్యం గారు పెదపాడు మండలంలో ఏఎన్ఎం. టీకాలు వేయడం, గర్భిణుల ఇళ్లకు తిరగడం, రిజిస్టర్లు రాయడం ఆవిడ ఉద్యోగం. ఒక్కతే కూతురు, బ్లెస్సీ.

పెళ్లయిన పదిహేడేళ్లలో ఏలూరులో ఆరు అద్దె ఇళ్లు మారారు. ఇంటి వెతుకులాట అంతా ఆవిడదే. కొన్ని చోట్ల ఇల్లు చూపించి, అద్దె చెప్పి, ఆఖరున ఏ చర్చికి వెళ్తారని అడిగి, మర్నాడు ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేశామనేవారు. ఆరో ఇంటి యజమాని బ్లెస్సీ పదో తరగతి పరీక్షలు రేపో ఎల్లుండో అనగా ఖాళీ చేయమన్నాడు. ఆ రోజే రత్నమాణిక్యం గారు ఏమైనా సరే సొంత ఇల్లు కట్టాల్సిందేనని నిశ్చయించుకున్నారు. భర్త హౌరా నుంచి తిరిగొచ్చే లోపల మూడు లేఅవుట్లు చూసి వచ్చారు.

అలా వాళ్లూ మేమూ ఒకే ఏడాది, రెండు వేల పదమూడు వేసవిలో, పెదపాడు రోడ్డు మీద ఈ లేఅవుటులో స్థలాలు కొన్నాం. నేను సహకార సంఘంలో గుమాస్తాని. నాకు రోడ్డు పక్కన మొదటి వరస దొరికింది. వాళ్లకు మూడో వరసలో నూట యాభై గజాలు. అమ్మినాయన శ్రీనివాసరావు గారని, మెత్తగా మాట్లాడే మనిషి. ఇదివరకు వరి పండిన చేలనీ, ఇంతకంటే మంచి నేల దొరకదనీ చెప్పాడు. కాగితాల్లో కూడా పల్లం భూమి అనే ఉంది. నేలంతా జంగారెడ్డిగూడెం వైపు నుంచి తెచ్చిన ఎర్ర గ్రావెలు పరిచి, రోలరు తిప్పి ఉంది. నెహెమ్యా గారు మడమతో నేలను రెండు మూడుసార్లు తన్ని చూసి, గట్టిగానే ఉందన్నారు. నేనూ అలాగే చూసుకున్నాను.

రెండేళ్లకు ఇల్లు లేచింది. లారీ డ్రైవరు జీతానికి కాగితం ఉండదు కనక లోను ఆవిడ పేరు మీద తీసుకున్నారు. పదహారేళ్ల లోను, నెలకు పదిహేడున్నర వేలు. ఇల్లు కట్టినన్నాళ్లూ ఆవిడ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చి, చీకటి పడేదాకా గోడలకు నీళ్లు కొట్టేవారు. గృహప్రతిష్ఠ నాడు పాస్టరు గారు ప్రార్థన ముగించి, బైబిల్లో నెహెమ్యా పట్టణానికి గోడ కట్టాడు, మన నెహెమ్యా ఇల్లాలికి గోడ కట్టాడని నవ్వించారు. ఆయన సిగ్గుపడి తలొంచుకున్నారు. వంటింట్లో గ్రానైటు గట్టును అరచేత్తో తుడుస్తూ ఆవిడ మా ఆవిడతో, ఇంక ఎవరూ నన్ను మేకు కొట్టొద్దని అనరమ్మా అన్నారట.

మూడేళ్లు బాగానే గడిచాయి. రెండు వేల పద్దెనిమిది వానల్లో వంటింటి గుమ్మం పైన వెంట్రుకంత బీట కనిపించింది. కొత్త గోడలకు మామూలేనని మేస్త్రీ సిమెంటు పూసి వెళ్లాడు. మర్నాటి ఏడు బ్లెస్సీ పెళ్లయి జంగారెడ్డిగూడెం వెళ్లింది. ఆ పై ఏడాది అక్టోబరులో వారం రోజులు విడవకుండా వాన పడింది. వాన వెలిశాక చూస్తే ఆ బీటలోకి వేలు దూరుతోంది. పెరటి తలుపు మూసుకోవడం మానేసింది. హాలులో గ్లాసెడు నీళ్లు ఒలికితే వంటింటి మూలకు పారుతున్నాయి. పడగ్గది మంచం కింద ఇటుక ముక్క పెట్టుకుంటే గాని పడుకోవడానికి కుదరడం లేదు.

మా బంధువుల్లో రిటైరైన ఇంజనీరు ఒకాయన ఉంటే నేనే తీసుకొచ్చి చూపించాను. ఆయన ఇల్లంతా తిరిగి, బీట ఇంటికి సరిగ్గా నడుమన పడిందనీ, ముందు సగం కదలకుండా వెనక సగమే కుంగుతోందనీ చెప్పారు. వెనక పునాది పక్కన ఒక గొయ్యి తవ్వి చూడమన్నారు.

నెహెమ్యా గారు మనిషిని పెట్టకుండా తనే పలుగు పట్టుకున్నారు. అడుగున్నర గ్రావెలు. దాని కింద రైసు మిల్లుల్లోంచి వచ్చే ఊక బూడిద. అయిదడుగులు దిగేసరికి నల్లటి బురద, దానితో పాటు ఒక పాత వాసన. ఆ బురదలోంచి ఆయన చేతికి తవుడు బస్తా ఒకటి, నీలం వల ముక్క ఒకటి వచ్చాయి. చేపల చెరువుల్లో మేత వేయడానికి అలాంటి తవుడు బస్తాలే కడతారు. ఆయన గోతి గట్టున కూర్చుండిపోయారు. నేను పక్కనే ఉన్నాను.

ఆ వల ముక్కను చేతిలో తిప్పుతూ, "ఇరవై రెండేళ్లు చెరువు గట్ల మీద లారీ ఆపుకుని నిలబడ్డానండి," అన్నారు. "చెరువు మీద నిలబడి చేననుకున్నాను."

సంగతి అప్పుడు అర్థమైంది. ఈ లేఅవుటు మొత్తం తొమ్మిదెకరాల్లో వెనక వైపు ఆరెకరాలు పాత చేపల చెరువు. దాన్ని బూడిదతో పూడ్చి, పైన గ్రావెలు పరిచారు. చెరువు గట్టు మూడో వరస మధ్య నుంచి పోయింది. వాళ్ల ఇంట్లో ముందు సగం గట్టు మీద, వెనక సగం చెరువులో పడింది. మొదటి వరస కాబట్టి నేను బతికిపోయాను.

దంపతులిద్దరూ శ్రీనివాసరావు గారి దగ్గరకు వెళ్లారు. ఆయన కాఫీ ఇప్పించి, తాను కూడా ఇంకొకరి దగ్గర కొని అమ్మినవాడినేనని, తనకేం తెలుసునని అన్నాడు. వకీలును అడిగితే, కాగితాల్లో చెరువన్న మాటే లేదు కనక ఏళ్లు పడుతుందనీ, ఎంతవుతుందో చెప్పలేననీ అన్నాడు. మరుసటి ఏడు ఇంకో దెబ్బ తగిలింది. షుగరు వల్ల నెహెమ్యా గారి కళ్లు మసకబారాయి. ఒకరోజు ఎదురుగా వస్తున్న ఆటోను ఆలస్యంగా చూసి, వెంట్రుకవాసిలో తప్పించారు. ఆ మాట విని లారీ ఓనరు తాళాలు తీసేసుకున్నాడు. అప్పటి నుంచి వాయిదా, మందులు, ఇంటి ఖర్చు అన్నీ ఆవిడ ఒక్కరి జీతం మీదే.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నెహెమ్యా గారి గోతిలో ఏం దొరికిందో కాలనీ అంతా పాకింది. అప్పటికి ఇంకా ఇరవై స్థలాలు అమ్ముడు కాకుండా ఉన్నాయి. ఇళ్లు కట్టుకున్నవాళ్లకు కూడా ఎప్పుడో ఒకప్పుడు అమ్ముకోవాలన్న ఆలోచన ఉంటుంది. ఒక ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక కాలనీవాళ్లం నలుగురం వాళ్లింటికి వెళ్లాం. చెరువు మాట బయట ఎక్కడా అనకండి, అందరి ఆస్తుల విలువా పోతుంది అని చెప్పాం. ఆ మాట ఎత్తింది నేనే. మాటకారినని నన్నే ముందు పెట్టారు. రత్నమాణిక్యం గారు మాకు టీ ఇచ్చి, మేమెవరికి చెబుతామండీ అన్నారు. ఆయన ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లారు.

రెండు వేల ఇరవై రెండు వేసవిలో ఇల్లు అమ్మాలని ఆవిడ నిర్ణయించారు. ఎండలకు నేల గట్టిపడి బీటలు కాస్త సర్దుకున్నాయి. పుట్టీ పెట్టించి, రంగు వేయించారు. తాడేపల్లిగూడెంలో ఒక మిల్లు ఆఫీసులో పనిచేసే దత్తసాయి అనే అతను, భార్యను తీసుకుని వచ్చి చూశాడు. ఆ అమ్మాయికి వంటిల్లు నచ్చింది. ఇరవై తొమ్మిది లక్షలకు మాట కుదిరి, లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చారు. లోను తీర్చగా మిగిలేదాంతో రత్నమాణిక్యం గారు పవర్‌పేటలో పాత అపార్టుమెంటులో రెండు గదుల ఫ్లాటు చూసుకున్నారు. చేతికొచ్చిన లక్షలోంచి యాభై వేలు దానికి అడ్వాన్సు కట్టేశారు. చాలాకాలం తర్వాత ఆవిడ ముఖంలో కాస్త తెరిపి కనిపించింది.

పది రోజుల తర్వాత దత్తసాయి మళ్లీ వచ్చాడు. ఈసారి టేపు తెచ్చుకున్నాడు. వాళ్లమ్మా, తమ్ముడూ కూడా తమతోనే ఉంటారనీ, రిజిస్ట్రేషను కాగానే పైన ఇంకో అంతస్తు వేస్తాననీ చెప్పి, డాబా మీద కొలతలు తీసుకున్నాడు. ఆ సమయానికి ఆవిడ డ్యూటీలో ఉన్నారు. సాయంత్రం ఆవిడ రాగానే నెహెమ్యా గారు, పైన మేడ వేస్తాడంట మాణిక్యం అన్నారు. వేసుకోనీండి, కొన్నాక వాళ్లిష్టం కదా అని ఆవిడ బియ్యం కడగడానికి వెళ్లిపోయారు. ఇద్దరి మధ్యా ఆ విషయం మీద నడిచిన మాటలు అంతే.

మర్నాడు ఆవిడ డ్యూటీకి వెళ్లాక ఆయన బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లారు. బోర్డులు కనిపించక పక్కవాళ్లను అడుగుతూ మిల్లు పట్టుకుని, దత్తసాయిని బయటికి పిలిచి, నేల కింద ఏముందో, బీట ఎక్కడుందో, దాని మీద పుట్టీ ఎప్పుడు పెట్టించారో అన్నీ చెప్పేశారు. అంతా విని దత్తసాయి ఆయనకు టీ ఇప్పించి, బస్సు దాకా దిగబెట్టాడట. సాయంత్రం అతను ఫోను చేసింది మాత్రం రత్నమాణిక్యం గారికి. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారని అడిగాడు. ఆవిడకు విషయం తెలిసింది అప్పుడే.

ఫ్లాటుకు కట్టిన యాభై వేలు తిరిగి రాలేదు. దత్తసాయికి ఇవ్వాల్సిన లక్షలో తక్కువపడ్డదాని కోసం ఆవిడ గొలుసు తాకట్టు పెట్టారు.

ఆ వారంలో ఆవిడ మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"ఆయన మంచి మనిషనిపించుకున్నారండి," అన్నారు నాతో. "దానికి వాయిదా నా జీతంలోంచి పోతుంది. ఆరిళ్లు మారింది నేను. గోడలకు నీళ్లు కొట్టింది నేను. వెళ్లే ముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదండి ఆయనకి."

అడిగితే వెళ్లనిచ్చేవారా అని మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"వెళ్లనిచ్చేదాన్ని కాదు," అన్నారావిడ. "అది ఆయనకీ తెలుసు."

నాలుగు నెలలు ఆ ఇంట్లో మాటల్లేవు. అన్నం పెట్టాను, మందులు అయిపోయాయి, కరెంటు బిల్లు వచ్చింది. అంతే. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పగలంతా రోడ్డు వైపు చూస్తూ ఉండేవారు. ఒకసారి నేను వెళ్లి కూర్చుని, ఎందుకలా చేశారని అడిగాను. నేను అడిగినందుకు ఆయనకు ఆశ్చర్యం వేసినట్టు లేదు.

"బీటలున్నాయని చెప్పకపోవడం వేరు, జయకృష్ణ గారూ. అది నేనూ ఒప్పుకున్నాను, పుట్టీ కొనుక్కొచ్చింది నేనే. ఆ అబ్బాయి డాబా మీద కొలుస్తా టేపు రెండో కొస నన్ను పట్టుకోమన్నాడండి. వాళ్లమ్మ గది ఇక్కడొస్తుందని చెబుతున్నాడు. నేను పట్టుకుని నిలబడ్డాను."

కాలనీలో చాలామంది ఆయన్ను పలకరించడం మానేశారు. దత్తసాయి నోట ఆ మాట తాడేపల్లిగూడెం దాకా పోయిందనీ, అందుకే మిగిలిన స్థలాలు కదలడం లేదనీ వాళ్ల కోపం. క్రిస్మసుకు రత్నమాణిక్యం గారు ఎప్పటిలాగే కేకు ముక్కలు పంచడానికి బయల్దేరితే రెండు ఇళ్లవాళ్లు తలుపు తీయలేదు.

తర్వాతి జూలైలో వానలు మొదలైన అయిదో రోజు ఉదయం, ఆవిడ స్టవ్ మీద పాలు పెట్టి హాలులోకి వచ్చారు. వెనక పెద్ద చప్పుడైంది. వంటింటి సజ్జ విరిగి, పైన సామాను అంతటితో స్టవ్ మీద పడింది. గ్యాసు కట్టడానికి నెహెమ్యా గారు తడుముకుంటూ లోపలికి వెళ్లబోతే ఆవిడ చెయ్యి పట్టి ఆపి, తనే వెళ్లి రెగ్యులేటరు తిప్పారు. చప్పుడు విని నేను పరుగెత్తుకెళ్లేసరికి ఇద్దరూ వరండాలో నిలబడి ఉన్నారు. ఆవిడ జుట్టంతా సున్నం. ఆయన తన తువ్వాలుతో అది దులుపుతున్నారు. ఆవిడ అడ్డు చెప్పలేదు.

వారం తర్వాత ఆవిడే అన్నారు. "ఏవండీ, వెనక సగం తీసేద్దాం. గట్టు మీదున్నది మిగుల్చుకుందాం."

ఆయన సరేనన్నారు.

కట్టడానికి ఎనిమిది నెలలు పట్టిన సగాన్ని తీయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. కిటికీలు, తలుపులు పాత సామాను కొట్టుకు వెళ్లాయి. ఇనుము కిలోల లెక్కన పోయింది. గ్రానైటు గట్టును ఎవరూ కొనలేదు. అది రెండు ముక్కలై ఇప్పటికీ ప్రహరీకి చేరేసి ఉంది. ఇంజనీరు గారి సలహాతో నడిమి గోడకు కొత్తగా రెండు పిల్లర్లు వేసి దాన్నే వెనక గోడ చేశారు, వరండా పక్కన చిన్న బాత్‌రూము వేశారు. దానికయిన ఖర్చు ఆవిడ పీఎఫ్‌లోంచి తీశారు. బ్లెస్సీ వచ్చి, ఇదంతా వదిలేసి మా దగ్గరకొచ్చి ఉండండమ్మా అని ఏడ్చింది. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది, ఎక్కడికొస్తానే అన్నారావిడ. బ్యాంకుకు వెళ్లి ఇల్లు సగమే ఉందని చెబితే, వాయిదా అలాగే ఉంటుందనీ, ఆ మాట కాగితం మీద రాసిస్తే అప్పంతా ఒకేసారి కట్టమంటారు కనక రాసివ్వొద్దనీ అక్కడి ఆఫీసరు మెల్లగా చెప్పాడట. అప్పు ఇంకా రెండు వేల ముప్పై ఒకటి దాకా ఉంది.

నేనేమైనా మారానా అంటే చెప్పలేను. పోయిన వేసవిలో నాలుగో వరసలో స్థలం చూడడానికి వచ్చిన ఒకతను నా గేటు దగ్గర ఆగి, నేల ఎలా ఉంటుందండీ అని అడిగాడు. మా ఇంటికేం కాలేదండీ అన్నాను. అది నిజమే. అతను తర్వాత ఆ స్థలం కొన్నాడో లేదో నేను కనుక్కోలేదు.

ఇప్పుడు వాళ్ల వంట వరండాలో. వండేది నెహెమ్యా గారు. అంతకుముందు లారీలో అన్నం, పప్పుచారు తప్ప ఆయనకు ఏమీ వచ్చేవి కావు. ఒక కన్నుకు ఆపరేషను అయినా చూపు పెద్దగా రాలేదు. ఉప్పు వేలితో తడిమి చూసుకుని వేస్తారు. సాయంత్రం స్కూటీ చప్పుడు వినగానే లేచి గేటు తీస్తారు. ఆవిడ బ్యాగు అందుకుంటారు. ఆ పూట ఎన్ని ఇళ్లు తిరిగిందీ, ఎవరికి కాన్పు అయిందీ ఆవిడ చెబుతుంటే వింటారు. నవ్వుకోవడం ఎప్పుడో గాని చూడలేదు. అయితే మాట్లాడుకుంటున్నారు.

రాత్రి పక్కలు హాలులోనే. కూతురూ అల్లుడూ వస్తే పడుకోవడానికి చోటు లేదని, పండగలకు కూడా వాళ్లను పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపొమ్మంటారు. వెనక ఖాళీ నేలలో వానాకాలం మడమ లోతు నీళ్లు నిలుస్తాయి. ఆవిడ ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్సిలు తీసుకుని హాలు వెనక గోడ దగ్గరకు వెళ్తారు. మూలన పిల్లరు మీంచి గోడ మీదికి సన్నని గీత గీసి, తేదీ వేసి, పాత గీతలు ఎక్కడైనా తెగాయేమో చూస్తారు. ఆయన పక్కనే నిలబడి, కదిలిందా అని అడుగుతారు. ఈ వానల్లో ఇంతవరకు కదల్లేదు.